చెవితో కట్టిన టైమింగు

నేను చదివింది మూడో తరగతి. రాసేదానికి అక్షరాలు చాలు. ఒత్తులు తప్పిపోతే మీరే సర్దుకుని చదువుకోండి. మా మనవరాలు దిద్ది పెడతానన్నది, వద్దన్నాను. అది దిద్దితే దాని మాటలైపోతాయి.

నేను పాత కార్లకి టైమింగు కట్టినాను. నెల్లూర్లో పెన్న వంతెనకి ఇవతల, మద్రాసు రోడ్డు పక్కన, మా ఇంటాయన తాటాకు షెడ్డులో. పంతొమ్మిది వందల యాభైల చివర మొదలుపెట్టి పదేళ్ళకి పైగానే చేసినాను. షెడ్డు ఎట్లా పెరిగింది, ఎవరెవరు మెచ్చుకున్నారు అనేవి రాయను. వాటితో మీకు పని లేదు. పానా పట్టబోయే పిల్లలు ఎవరన్నా చదువుతారని రాస్తా ఉండాను. ఇప్పటి బండ్లలో ఈ పనే లేదని నాకు తెలుసు, అంతా ఒక పెట్టె చూసుకుంటుందంట. అయినా ఏదో ఒకరోజు మీరు ఒక బండి ముందర నిలబడి, తప్పు ఫలానా చోట ఉందని నోటితో చెప్పాల్సి వస్తుంది. పక్కన ఆ బండి మనిషి నిలబడి ఉంటాడు. ఆ రోజు కోసం రాస్తా ఉండాను. దీనివల్ల ఏమన్నా మారుతుందనే ఆశ నాకేం లేదు.

పని అంటే ఇదీ

ఇంజన్లో పెట్రోలు ఆవిరి మీద నిప్పురవ్వ పడాలి. అది ఎప్పుడు పడాలనేదే టైమింగు. పిస్టను పైకొచ్చి ఇంక దిగబోతా ఉందనగా, దానికి వెంట్రుకవాసి ముందు పడాలి. ఆలస్యంగా పడితే బండి లాగదు, వేడెక్కుతుంది, పెట్రోలు తాగుతుంది. మరీ ముందు పడితే పైకొచ్చే పిస్టన్ని నెత్తి మీద కొట్టినట్టు అవుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు టకటకమంటుంది. హ్యాండిలు తిప్పి స్టార్టు చేస్తే ఆ హ్యాండిలు వెనక్కి తంతుంది. మా ఇంటాయన కుడి బొటనవేలు అట్లా తన్నించుకున్నదే, సగానికి మించి వంగేది కాదు. హ్యాండిలు పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ళ పక్కనే పెట్టుకోవాలి, చుట్టి పట్టకూడదు అని కొత్త డ్రైవర్లకి ఆ వేలు చూపించి చెప్పేవాడు.

కట్టే పద్ధతిలో సగం చేతి పని. మొదటి ప్లగ్గు తీసి ఆ కంతలో వేలు పెట్టి, హ్యాండిలు మెల్లగా తిప్పితే లోపలి గాలి వేలిని తోస్తుంది. అప్పుడు ఇంజను చక్రం మీద గుర్తు కలుపుకోవాలి. డిస్ట్రిబ్యూటరు మూత తీసి, లోపల పాయింట్ల మధ్య సిగరెట్టు కాయితం ముక్క పెట్టి సన్నగా లాగుతా ఉండాలి. పాయింట్లు విడీ విడవగానే కాయితం జారి చేతిలోకొస్తుంది. రవ్వ పడేది సరిగ్గా అప్పుడే. అక్కడ బిగించాలి.

మిగతా సగం చెవి పని. బండిలో రెండు బియ్యం మూటలు వేసుకుని, పెన్న వంతెన ఎక్కే ఎత్తులో గేరు మార్చకుండా తొక్కాలి. ఇత్తడి చెంబులో నాలుగు కందిగింజలు వేసి కదిపినట్టు ఒక్కసారి వినపడి ఆగిపోతే టైమింగు కుదిరినట్టు. అసలు వినపడకపోతే వెనకబడి ఉంది. ఆగకుండా వినపడతానే ఉంటే ముందుకు పోయింది.

మా ఇంటాయనకి ఆ కందిగింజలు వినపడవు. మా మామగారు ఎడ్ల బండి చక్రాలకి ఇనప పట్టాలు వేసే మనిషి. ఈయన మాత్రం మద్రాసులో బస్సుల వర్క్‌షాపులో పని నేర్చుకుని వచ్చి షెడ్డు వేసినాడు. మా పెళ్ళైన రెండో ఏడు మలేరియా జ్వరమొచ్చింది. మందు ఎవరు ఎంతిస్తే అంత మింగినాడు. జ్వరం పోయింది, దాంతో పాటే చెవులూ పోయినాయి. గట్టిగా అరిస్తే మాట అందేది. సన్న చప్పుడు అందేది కాదు.

చెవిటి మేస్త్రీ దగ్గరికి బండి ఎవరు తెస్తారు? అందుకని నేను దిగినాను. పదిమంది మగవాళ్ళ ముందర మొగుడి భుజం తట్టే కాలం కాదది. బానెట్టు ఎత్తినాక నేను అవతలి పక్క నిలబడి, ఎడమచెయ్యి మడ్‌గార్డు మీద పెట్టేదాన్ని. వేళ్ళు ముందుకు జరిపితే టైమింగు ముందుకి, వెనక్కి లాగితే వెనక్కి. అరచెయ్యి బోర్లించి పెడితే చాలు, బిగించెయ్ అని. ఆయన కళ్ళు డిస్ట్రిబ్యూటరు మీద ఒకసారి, నా చేతి మీద ఒకసారి. చూసేవాళ్ళకి నేను ఊరికే ఆనుకుని నిలబడినట్టుండేది. వంతెన దాకా పోయేటప్పుడు ఆయన తోలేవాడు, నేను వెనక సీట్లో మూటల పక్కన కూర్చునేదాన్ని.

టాక్సీ స్టాండులో ఒక డ్రైవరు ఊరుకునేవాడు కాదు. "ఏం మేస్త్రీ, పెళ్ళాన్ని షికారు తిప్పేదానికి మా బండ్లే దొరికినాయా?" అనేవాడు.

ఈయన వినపడక నవ్వేవాడు. నేనే జవాబు చెప్పేదాన్ని. "నువ్వు నీ పెళ్ళాన్ని ఒకనాడన్నా ఎక్కించుకున్నావా నాయనా, మాట్లాడేదానికొచ్చినావు?"

రెండేళ్ళలో సంగతి బయటపడింది. బయటపడినా బండ్లు తగ్గలేదు, పెరిగినాయి. మేస్త్రమ్మ చెవి అంటే చెవి అన్నారు. తప్పంతా ఆ మాట దగ్గరే మొదలైంది. నా చెవి మీద నాకే గురి కుదిరిపోయింది.

నా డబ్బా

నన్ను పిసినారి అంటారు మా కోడళ్ళు. అననీ. మా షెడ్డులో విప్పిన నట్టు పారేసిందాన్ని కాదు. వాషర్లు, రాగి తీగలు, స్క్రూలు, స్ప్రింగులు, అన్నీ కిరసనాయిల్లో కడిగి ఒక పాత బిస్కెట్ల డబ్బాలో వేసేదాన్ని. ఆ డబ్బా మమ్మల్ని ఎన్నోసార్లు ఆదుకుంది. నట్టూ వాషరూ మళ్ళీ వాడుకోవచ్చు, ఏం కాదు. స్ప్రింగు మాత్రం వాడకండి. దానికి ఎంత బలం మిగిలిందో చూస్తే తెలియదు. ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేదాన్ని కానేమో.

శేషారెడ్డిగారని ఒక ఆసామీ. అల్లూరికి అవతల సముద్రం ఒడ్డున ఉప్పు పండించే కొటార్లుండేవి ఆయనకి. ఆయన కారు నల్లది, యుద్ధం అయిపోయినాక ఇంగ్లండు నించి దిగింది. పొద్దస్తమానం కొటార్ల పక్కన ఉప్పుగాలిలో నిలబడేది. ఆ కారు నడిపేది ఏసోబు. ముప్పై ఏళ్ళు ఉంటాయేమో అప్పటికి. సన్నగా పొడుగ్గా ఉండేవాడు. నోట్లో ఎప్పుడూ ఏదో ఒక చర్చి పాట. ఉప్పు అంటకుండా కారుని రోజూ మంచినీళ్ళతో కడిగేవాడు. కొటార్ల దగ్గర మంచినీళ్ళు ఎంత దూరం నించి మోసుకురావాలో మీకు తెలియదు. కారుని దొరసాని అనేవాడు.

"అక్కా, దొరసానికి ఒంట్లో బాగలేదు. చెయ్యి చూడండి," అని వచ్చినాడు ఒకరోజు.

డిస్ట్రిబ్యూటరు లోపల, పాయింట్లు బిగించిన పళ్ళెం కింద, రెండు చిన్న ఇనప బిళ్ళలుంటాయి. ఇంజను వేగం పెరిగే కొద్దీ ఆ బిళ్ళలు విచ్చుకుని టైమింగుని దానంతట అదే ముందుకు జరుపుతాయి. మరీ తొందరగా విచ్చుకోకుండా వాటిని రెండు సన్న స్ప్రింగులు పట్టుకుని ఉంటాయి. దొరసాని స్ప్రింగులు తుప్పు తిని వేలికి తగలగానే పొడైపోయినాయి.

"కొత్తవి మద్రాసు నించి రావాల. వారం పడుతుంది," అన్నాడు మా ఇంటాయన.

"వారమైనా ఆగుతాం మేస్త్రీ. అయ్యగారికి నేను చెప్పుకుంటా," అన్నాడు ఏసోబు.

నేను ఊరుకోలేదు. "వారం ఎందుకయ్యా? నా డబ్బాలో ఉండాయి." ఎప్పుడో తుక్కు కింద పోయిన ఒక వ్యాను స్ప్రింగులు తీసినాను. ఒకటి సరిపోయింది. రెండోదాని కొన, దాన్ని తగిలించే మేకుకి ఎక్కలేదు. ప్లయరుతో పట్టి వంచి ఎక్కించినాను. ఏసోబు పక్కన నిలబడి చూస్తానే ఉండాడు. మా ఇంటాయన ఆ స్ప్రింగుని వేలితో లాగి చూసి, తల అడ్డంగా ఊపినాడు. నేను మడ్‌గార్డు మీద అరచెయ్యి బోర్లించినాను. చాలు, బిగించెయ్ అని.

ఆయన బిగించినాడు.

కిరసనాయిలు

ఇక్కడ కిరసనాయిలు సంగతి చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు.

ఆ రోజుల్లో ఈ ఒడ్డు పొడుగునా డ్రైవర్లు పెట్రోల్లో కిరసనాయిలు కలిపేవాళ్ళు. కొందరు యజమానులే కలపమనేవాళ్ళు. ఇంకొందరు డ్రైవర్లు పెట్రోలు తీసి అమ్ముకుని, ఆ లోటు కిరసనాయిలుతో పూడ్చేవాళ్ళు. కిరసనాయిలు కలిస్తే ఇంజను ఎత్తులో టకటకమంటుంది. దాన్ని ఆపాలంటే టైమింగు వెనక్కి కట్టాలి. వెనక్కి కడితే చప్పుడు ఆగుతుంది, బండి మాత్రం లోలోపల కాలిపోతుంది, వాల్వులు మాడతాయి. పొదుపు తెలిసినదాన్ని గనక చెప్తా ఉండాను, అది పొదుపు కాదు. కిరసనాయిలు కలిపే డ్రైవరంటే నాకు ఒళ్ళు మంట. మొహం మీదే తిట్టేదాన్ని.

కలిసిందో లేదో తెలుసుకునేదానికి చిన్న పరీక్ష ఉంది. ట్యాంకులో నించి ఒక్క చుక్క తీసి అరచేతిలో పోసుకోవాలి. మంచి పెట్రోలైతే చల్లగా తగిలి, ఊదే లోపల ఎగిరిపోతుంది, చెయ్యి పొడిగా తెల్లబడుతుంది. కిరసనాయిలు కలిస్తే జిడ్డు మిగులుతుంది, రుద్దినా పోదు. పసిపిల్ల కూడా చెయ్యగల పరీక్ష. మొదట్లో ప్రతి బండికీ చేసేదాన్ని. చెవికి పేరొచ్చినాక మానేసినాను. వినగానే చెప్పెయ్యగలిగినదానికి చేతులు కంపు చేసుకోవడం దేనికని.

మూడోసారి

స్ప్రింగులు మార్చిన నెలకి దొరసాని మళ్ళీ వచ్చింది. వంతెన మీద కందిగింజలు ఆగడం లేదు. టైమింగు కొంచెం వెనక్కి కట్టినాము, ఆగినాయి. పది పన్నెండు రోజులకి మళ్ళీ అదే చప్పుడు. ఇంకొంచెం వెనక్కి కట్టినాము. ఆ రోజే నేను ఏసోబుని అడిగినాను.

"ఏందయ్యా పోస్తా ఉండావు దీంట్లో?"

"పెట్రోలే అక్కా. దొరసానికి ఇంకోటి పడదు," అని నవ్వినాడు.

మూడోసారి శేషారెడ్డిగారు కూడా కారులోనే వచ్చినాడు. మంచి ఎండ. షెడ్డులో ఇంకా రెండు బండ్లు కాసుకుని ఉండాయి. వాటి డ్రైవర్లు నీడలో కూర్చుని బీడీలు కాలుస్తా ఉండారు. ఏసోబు షెడ్డు దగ్గరే నిలబడినాడు. మా ఇంటాయన తోలితే, రెడ్డిగారు ముందర, నేను వెనక, వంతెన ఎక్కినాము. చెంబు నిండా కందులు పోసి కదిపినట్టు ఒకటే మోత.

"ఏందమ్మా ఈ చప్పుడు? నెలకి మూడుసార్లు మీ దగ్గరికి తిరగడమే నా పనా?" అన్నాడు రెడ్డిగారు వెనక్కి తిరిగి. "వాడు గానీ కిరసనాయిలు పోస్తా ఉండాడా? నీ చెవి తప్పదంటారు గదా, చెప్పు."

బండిలో కిరసనాయిలు వాసన వస్తానే ఉంది. చప్పుడు కూడా కిరసనాయిలు చప్పుడే. రెండుసార్లు వెనక్కి కట్టినా నిలవలేదంటే నా టైమింగు తప్పు కాదు గదా అనుకున్నాను. నేనేదన్నా తప్పు చేసి ఉంటానని ఆ క్షణాన నా బుర్రకి తట్టనే లేదు.

"కిరసనాయిలేనండీ," అన్నాను.

షెడ్డుకి తిరిగొచ్చినాము. రెడ్డిగారు దిగి, నేరుగా పోయి డిక్కీ ఎత్తినాడు. లోపల కిరసనాయిలు డబ్బా ఉంది.

"ఏందిరా ఇది? కిరసనాయిలు చప్పుడని మేస్త్రమ్మే చెప్పింది."

"కొటారు లాంతర్లకి తెమ్మన్నారు గదండీ అయ్యా. పొద్దున మీరే చెప్పినారు."

"లాంతర్లకి తెమ్మన్నాను. కారుకి తాపమన్నానా?"

నీడలో డ్రైవర్లు నవ్వినారు. "దొరసానికి లాంతరు నూనె పట్టించినావా ఏసోబూ?" అన్నాడు ఒకడు.

ఏసోబు వాళ్ళ వైపు చూడలేదు. రెడ్డిగారి వైపు కూడా చూడలేదు. నా దగ్గరికొచ్చినాడు. చేతిలో కారు తుడిచే గుడ్డ అట్లానే ఉంది.

"అక్కా, ఒక్క చుక్క నీ చేతిలో పోసుకుని చూడక్కా. ట్యాంకులోది. ఒకే ఒక్క చుక్క."

అందరూ నన్నే చూస్తా ఉండారు. చుక్క పోసుకుంటే నా చెవిని నేనే అనుమానించినట్టు అవుతుందనిపించింది.

"నా చెవి చాలు లేవయ్యా," అన్నాను.

మా ఇంటాయనకి మాటలు అందలేదు గానీ మొహాలు చూసి ఏదో అయిందని తెలిసింది. స్క్రూడ్రైవరు తీసి డిస్ట్రిబ్యూటరు వైపు చూపించినాడు, పళ్ళెం విప్పి చూద్దామని. విప్పితే మళ్ళీ మొదటి నించి టైమింగు కట్టాల, అది పూటంతా పట్టే పని. రెండు బండ్లు కాసుకుని ఉండాయి. నేను మడ్‌గార్డు మీద అరచెయ్యి బోర్లించినాను.

రెడ్డిగారు ఏసోబుని అక్కడే తీసేసినాడు. నీడలో ఉన్న డ్రైవర్లలో ఒకణ్ణి ఎక్కించుకుని వెళ్ళిపోయినాడు. ఏసోబు ఆ గుడ్డని నాలుగు మడతలు పెట్టి మా బల్ల మీద పెట్టి, నడుచుకుంటా వంతెన వైపు పోయినాడు.

"ఏమన్నాడు?" అని గట్టిగా అడిగినాడు మా ఇంటాయన.

"ఏం లేదు," అని చెయ్యి ఊపినాను.

ఇంకో మాట కూడా రాయాల. ఆ నిలబడింది ఏ రెడ్డిగారి తమ్ముడో, ఏ కరణంగారి కొడుకో అయి ఉంటే నేను చుక్క పోసుకుని చూసేదాన్ని. ఏసోబు కాబట్టి పోసుకోలేదు. ఇది నాకు అప్పుడు తెలియదని చెప్తే అబద్ధం.

వంచిన కొన

మూడు నెలలకి దొరసాని వచ్చింది. నడిపేది రెడ్డిగారి బావమరిది కొడుకు. వంతెన మీద అదే మోత.

మా ఇంటాయన ఈసారి నా చేతి వైపు చూడలేదు. తిరిగొచ్చి, మూత తీసి, రెండు స్క్రూలు విప్పి పళ్ళెం ఎత్తినాడు. ఒక స్ప్రింగు బాగానే ఉంది. రెండోది సాగిపోయి, దారంలాగా వేలాడతా ఉంది. వంచిన కొన తెరుచుకుని మేకు మీద నించి జారిపోయింది. దాని పట్టు లేక బిళ్ళలు ఇంజను కాస్త లేవగానే పూర్తిగా విచ్చుకుంటా ఉండాయి. మొదట కొంచెం సాగింది, ఆ తర్వాత ఇంకాస్త. మేము వెనక్కి కట్టినప్పుడల్లా పది రోజులు ఆగడం, మళ్ళీ మోగడం అందుకే.

ఆయన ఆ స్ప్రింగు తీసి నా అరచేతిలో పెట్టినాడు. కొన మీద నా ప్లయరు పళ్ళ గీతలు కనపడతా ఉండాయి.

"చెప్పు," అన్నాడు. చెవిటివాళ్ళ మాట గట్టిగా ఉంటుంది. ఆ కుర్రాయన కూడా మా వైపు తిరిగినాడు.

"పాయింట్లు అరిగినాయి బాబూ, మార్చాల," అన్నాను నేను.

అది మా ఇంటాయనకి వినపడలేదు. కానీ నేను ఏం చెప్పానో ఆయనకి తెలిసిపోయింది. ఆ తర్వాత చాలా రోజులు ఆయన నా చేతి వైపు చూడకుండానే టైమింగు కట్టినాడు. సిగరెట్టు కాయితం మీదే బిగించి బండ్లు పంపించేవాడు. కొన్ని సరిగ్గా పోయేవి, కొన్ని తిరిగొచ్చేవి. నేను మడ్‌గార్డు మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉండేదాన్ని.

భయం ఒకటే. చెవి తప్పిందని తెలిస్తే షెడ్డు మూతపడుతుంది, పిల్లలకి అన్నం ఉండదు. నేను అప్పట్లో చెప్పుకున్న కారణం ఇది. ఇప్పుడు తూచి చూస్తే పిల్లల అన్నం సగమే. మిగతా సగం నా పేరు.

కొటార్ల దగ్గర

చివరికి ఒకరోజు ఆ స్ప్రింగుని కొంగు మూల ముడేసుకుని అల్లూరు బస్సెక్కినాను. బస్సు దిగి ఇసకలో చాలా దూరం నడవాలి.

కొటార్ల దగ్గర ఏసోబు ఉప్పు గంపలు మోస్తా ఉండాడు. ఏ కారు నడిపినాడో ఆ కారు యజమాని దగ్గరే కూలీ. ఈ చుట్టుపక్కల ఇంకెవరూ అతనికి స్టీరింగు ఇవ్వలేదు. కాళ్ళు ఉప్పుకి పగిలి ఉండాయి. పాట లేదు.

"ఏందక్కా, ఇంత ఎండలో?" అని గంప దించినాడు.

నేను ముడి విప్పి స్ప్రింగు చూపించినాను. చేతిలోకి తీసుకోలేదు. వంగి చూసినాడు.

"ఆ పొద్దు నువ్వు వంచిందే గదా ఇది."

"నీకు తెలుసా?"

"నువ్వు కిరసనాయిలు అన్నప్పుడే అనుకున్నానక్కా. మేస్త్రీ ఆ రోజు వద్దని తల ఊపింది నేను చూసినా గదా."

"మరి అక్కడే ఎందుకు చెప్పలేదయ్యా? అందరూ ఉండారే."

"చెప్తే ఏమంటారు? కిరసనాయిలు దొంగ తప్పుని మేస్త్రమ్మ మీదికి తోస్తా ఉండాడంటారు. అందుకే చుక్క పోసుకోమన్నా. నువ్వు పోసుకుంటే పెట్రోలు మంచిదని నీకే తెలిసిపోతుంది. ఆ తర్వాత నీ అంతట నువ్వే పళ్ళెం విప్పుతావు. నేను నోరు తెరవాల్సిన పనుండదు."

స్ప్రింగుని మళ్ళీ కొంగున ముడేసుకున్నాను. "అయ్యగారికి చెప్తాను," అన్నాను.

"చెప్పు," అన్నాడు. అని మళ్ళీ గంప ఎత్తుకున్నాడు.

శేషారెడ్డిగారు అంతా విన్నాడు. స్ప్రింగు అటూ ఇటూ తిప్పి చూసి నా చేతికిచ్చినాడు.

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావమ్మా? పదిమంది ముందర తీసేసినాను. మళ్ళీ పిలిచి బండి ఇస్తే, రెడ్డి మొన్న కళ్ళు మూసుకుని తీసేసినాడు అనరా? పస్తు పెట్టలేదు గదా, కొటార్లో పని ఇచ్చినాను."

"దొంగ కాదని ఒక్క మాట చెప్పండయ్యా, చాలు."

"దొంగ అన్నది నువ్వమ్మా. నేను నీ మాట విన్నాను, అంతే."

నెల్లూరుకి తిరిగొచ్చి టాక్సీ స్టాండుకి పోయినాను. డ్రైవర్లందరి ముందరా చెప్పినాను. తప్పు నాది, స్ప్రింగు నాది, ఏసోబు ఒక చుక్క కూడా కలపలేదు అని. షికారు అని ఎగతాళి చేసే ఆయన బీడీ పక్కన పెట్టి అడిగినాడు.

"ఏసోబు పెళ్ళాం వచ్చి ఏడ్చిందా మేస్త్రమ్మా?"

మిగతావాళ్ళు తల పంకించినారు. మేస్త్రమ్మ మనసు మంచిది, ఆడమనిషి గదా, కరిగిపోయింది అనుకున్నారు. ఇంకో పది రోజులు, దొరికినవాడికల్లా చెప్పినాను. ఎంత చెప్తే అంత మంచిదాన్నైపోయినాను నేను. ఏసోబు పేరు మాత్రం ఒక్క మెట్టు కూడా పైకి రాలేదు. షెడ్డు మూతపడుతుందని భయపడినాను గదా, అదీ జరగలేదు. బండ్లు ఎప్పటిలాగే వచ్చినాయి. కిరసనాయిలు ఏసోబు అనే పేరు అతనికి నిలిచిపోయింది. మంచి డ్రైవరు. ఆ తర్వాత స్టీరింగు ముట్టకుండానే పోయినాడు.

ఆ తర్వాత

డబ్బాలో స్ప్రింగులన్నీ ఏరి పారేసినాను. మా ఇంటాయన మెల్లగా మళ్ళీ నా చేతి వైపు చూడడం మొదలుపెట్టినాడు. కానీ నేను అరచెయ్యి బోర్లించినాక కూడా ఒక్క క్షణం ఆగి, తన వేలితో ఒకసారి తడిమి చూసుకుని బిగించేవాడు. పోయేదాకా అంతే. ఆయన పోయినాక షెడ్డు తీసేసినాము.

స్ప్రింగులు పారేసిన రోజు నించి ప్రతి బండికీ ముందు ఒక చుక్క అరచేతిలో పోసుకున్నాను. జిడ్డు మిగిలినా, పళ్ళెం విప్పి చూడకుండా నోరు తెరవలేదు. ఇది మీకు నేర్పుదామని రాస్తా ఉండాను గానీ, నేర్చుకున్నందుకు నాకేం గర్వంగా లేదు. ఎన్ని వందల చుక్కలు ఎగిరిపోయినాయో నా చేతిలో నించి. అతను అడిగిన చుక్క వాటిల్లో లేదు.

కొన్నాళ్ళ కిందట ఒక పెళ్ళికి అల్లూరు బస్సులో పోతా ఉండాను. పక్కన ఒక ఆడపిల్ల కూర్చుంది, నర్సు చదువుతా ఉందంట, పుస్తకాల సంచీ ఒళ్ళో పెట్టుకుంది. కొటార్ల దారి వచ్చేసరికి లేచి నిలబడి కండక్టరుకి చెప్పింది.

"కిరసనాయిలు ఏసోబోళ్ళ వీధి దగ్గర ఆపన్నా."

"ఏంది తల్లీ ఆ పేరు?" అని అడిగినాను.

"మా తాత పేరమ్మా," అన్నది ఆ పిల్ల. "నేను చూడలేదు. మా వీధికి ఆ పేరే నిలిచిపోయింది. అప్పట్లో ఊరూరా తిరిగి కిరసనాయిలు అమ్మేవాడంట. అస్సలు కల్తీ చేసేవాడు కాదంట. మా అమ్మ చెప్పింది."

బస్సు ఆగింది. ఆ పిల్ల నా జవాబు కోసం నా మొహంలోకి చూసింది.

"అవును తల్లీ," అన్నాను. "కల్తీ చెయ్యలేదు. నాకు తెలుసు."

నవ్వి దిగిపోయింది.